తోడు పెరుగా, ప్రోబయోటిక్ కప్పా, కెఫీరా? యాంటీఆక్సిడెంట్ల కోసం ఏది ఎంచుకోవాలి

సూపర్ మార్కెట్‌లో పాల పదార్థాల ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, ఏది తీసుకోవాలో తేలక నిలబడిపోయే వాళ్లలో నేనూ ఒకణ్ని. పై అరలో మామూలు పెరుగు పాకెట్లు. కింద ‘ప్రోబయోటిక్’, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా ఉన్నది, అని పెద్ద అక్షరాలున్న కప్పులు. పక్కన గ్రీక్ యోగర్ట్, చిట్టి సీసాల్లో యాకుల్ట్, ఈ మధ్య కొత్తగా కెఫీర్ అనే పులిసిన పాల పానీయం. పులిసిన పాల పదార్థాల్లోని మంచి బ్యాక్టీరియా ఒంట్లో ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలకు చేసే హానిని, తగ్గిస్తుందని ఎక్కడో చదివి వచ్చినవారికి ఆ తలుపు దగ్గర ఇంకాస్త ఆలస్యం అవుతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కావలసింది యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆ హానిని అడ్డుకునే పదార్థాలు, మాత్రమే అయితే ఆ తలుపు మూసేసి కూరగాయల వైపు నడవండి. ఉసిరికాయ, మునగాకు, గోంగూర, జామపండు ముందు ఏ పెరుగూ ఆ పోటీలో నిలవదు. ఎలాగూ రోజూ పెరుగు తింటాం, తినేదేదో మేలైనది తిందాం అనుకునేవారికే ఈ పోలిక పనికొస్తుంది.

## పెరుగులో ఆ గుణం ఎక్కడిది?

మూడు చోట్ల నుంచి వస్తుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తేనే ఏ కప్పు ఎందుకు కొంటున్నామో తెలుస్తుంది.

మొదటిది, బ్యాక్టీరియా తన కోసం కట్టుకున్న రక్షణ. గాలి సోకితే ఏర్పడే సూపర్ ఆక్సైడ్ వంటి ఫ్రీ రాడికల్స్ దానికీ శత్రువులే. యోగర్ట్ తయారుచేసే రెండు బ్యాక్టీరియాల జంటలో ఒకటైన స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ దగ్గర వాటిని నిర్వీర్యం చేసే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము ఉంది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ దగ్గర అది లేదు. బదులుగా మాంగనీసును కణం నిండా పోగుచేసుకుని దానితోనే పని కానిస్తుందని 1981లో ఆర్చిబాల్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. జంటలో రెండోదైన బల్గారికస్ సంగతి ఇంకా తమాషా. అది తానే కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, అంటే ఒక ఆక్సీకరణ పదార్థాన్ని, వదులుతుంది. పెరుగులో ఉన్న ప్రతి బ్యాక్టీరియా యాంటీఆక్సిడెంట్ కార్ఖానా అనుకోవడం పొరపాటని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

రెండోది, పులియడంలో తయారయ్యే పెప్టైడ్లు. ఈ బ్యాక్టీరియా తనకు కావలసిన అమైనో ఆమ్లాలన్నిటినీ సొంతంగా తయారుచేసుకోలేదు. అందుకే పాలలోని కేసీన్ ప్రొటీన్‌ను ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల్లో కొన్నిటికి ఫ్రీ రాడికల్స్‌ను ఆపే గుణం, మరికొన్నిటికి ఇనుము వంటి లోహాలను పట్టి ఉంచే గుణం ఉంటాయి. బ్యాక్టీరియా చచ్చిపోయినా పెప్టైడ్లు పెరుగులోనే ఉంటాయి. మజ్జిగ పులుసు దగ్గరికి వచ్చేసరికి ఈ విషయం మళ్లీ పనికొస్తుంది.

మూడోది అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా అరుదైనది. కొన్ని ప్రత్యేక రకాలు మన పేగుల దాకా ప్రాణంతో చేరి, మన శరీరం సొంతంగా తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ వంటి రక్షణలను బలపరుస్తాయి. ఎస్టోనియాలో ఒక ఆరోగ్యవంతమైన బిడ్డ పేగుల నుంచి తీసిన లాక్టోబాసిల్లస్ ఫెర్మెంటమ్ ఎంఇ-3 అనే బ్యాక్టీరియా ఇందుకు మంచి ఉదాహరణ. దానితో పులియబెట్టిన మేకపాలను మూడు వారాలు తాగినవారి రక్తంలో యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగిందని, ఆక్సీకరణకు గురైన చెడు కొలెస్ట్రాల్ తగ్గిందని 2003లో అక్కడి టార్టు నగర పరిశోధకులు ప్రచురించారు. అయితే ఆ ప్రయోగంలో పాల్గొన్నది 21 మందే.

ఇంకొక హెచ్చరిక. ‘ఈ పెరుగులో యాంటీఆక్సిడెంట్ శక్తి ఇంత శాతం’ అనే అంకెల్లో చాలావరకు పరీక్షనాళికలో రంగు మారడాన్ని బట్టి కొలిచినవే. నాళికలో జరిగింది నరాల్లో పారే రక్తంలోనూ జరగాలని లేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తికి ఓరాక్ పేరుతో ఒక పెద్ద పట్టికను నడిపేది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ పొంతన తేలలేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని 2012లో దాన్ని తీసేసింది. కాబట్టి డబ్బా మీద అలాంటి శాతం కనబడితే నేనైతే దాన్ని లెక్కలోకి తీసుకోను.

## ఏ గీటురాయి మీద చూడాలి

తినే వేళకు బ్యాక్టీరియా బతికి ఉందా? తయారైన రోజు ఎన్ని ఉన్నాయన్నది కాదు ప్రశ్న. అరవై డిగ్రీలు దాటిన వేడికి ఇవి చాలావరకు చచ్చిపోతాయి. ఫ్రిజ్‌లో రోజులు గడిచే కొద్దీ తగ్గుతాయి. పులియబెట్టాక వేడిచేసి ఎక్కువకాలం నిల్వ ఉండేలా చేసిన యోగర్టులు కూడా కొన్ని ఉంటాయి. వాటిలో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉండదు.

దాని పేరు పూర్తిగా రాశారా? మన ఇంటిపేరు, పేరు, ఆధార్ నంబరు లాగే బ్యాక్టీరియాకూ మూడు గుర్తులు ఉంటాయి: ప్రజాతి, జాతి, స్ట్రెయిన్. పరిశోధన ఫలితం స్ట్రెయిన్‌కు చెందుతుంది. ఎంఇ-3 చేసిన పనిని ఫెర్మెంటమ్ జాతి అంతటికీ అంటగట్టడం ఒకే పేరున్న వాళ్లందరికీ ఒకే బ్యాంకు ఖాతా ఉందనడం లాంటిది. ‘లాక్టోబాసిల్లస్ ఉంది’ అని రాసి ఊరుకున్న కప్పు తన గురించి ఏమీ చెప్పనట్టే. ఇంకో సంగతి: 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ అనే పెద్ద కుటుంబాన్ని 25 ప్రజాతులుగా వేరు కాపురాలు పెట్టించారు. అందుకే ఒక డబ్బా మీద లాక్టోబాసిల్లస్ కేసై షిరోటా అని, ఇంకోచోట లాక్టికేసీబాసిల్లస్ పారాకేసై షిరోటా అని కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.

తోడుగా ఇంకేం వస్తోంది? ఆక్సీకరణ ఒత్తిడి తగ్గాలని తాగే సీసాలో రెండు చెంచాల చక్కెర ఉంటే ఆ బేరం కుదిరినట్టు కాదు. ఉప్పు సంగతీ అంతే.

రోజూ కొనగలమా? బయటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా పేగుల్లో స్థిరంగా కాపురం పెట్టడం అరుదు. మానేసిన కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది. నెలకు రెండుసార్లు కొనే ఖరీదైన కప్పు కన్నా రోజూ తినే మామూలు పెరుగు నయం.

బ్యాక్టీరియా సంఖ్యను నేను కావాలనే ఈ జాబితాలో చేర్చలేదు. ప్రోబయోటిక్ అని అమ్మాలంటే రోజువారీ మోతాదులో కనీసం పది కోట్ల జీవకణాలు ఉండాలని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమం. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం మామూలు యోగర్టులోనే గ్రాముకు కోటి ఉండాలి. అంటే వంద గ్రాముల మామూలు కప్పులో వంద కోట్లు. కోట్ల లెక్కలో మామూలు పెరుగు ఎప్పుడో గెలిచేసింది. తేడా అంతా ఎవరు ఉన్నారన్నదాంట్లోనే.

## ఇంటి తోడు పెరుగు

కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు. ఎండాకాలం నాలుగైదు గంటలు, చలికాలం రాత్రంతా. అందులో ఉండే బ్యాక్టీరియా ఇంటింటికీ వేరు. లాక్టోకాకస్ లాక్టిస్, స్ట్రెప్టోకాకస్, రకరకాల లాక్టోబాసిల్లస్‌లు కలగాపులగంగా ఉంటాయి. స్ట్రెయిన్ పేరు అడిగితే అమ్మమ్మ కూడా చెప్పలేదు. కనుక మూడో రకం లాభం, అంటే పరీక్షించి చూపిన ప్రత్యేక ప్రభావం, ఇందులో ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మిగతా రెండిటిలో మాత్రం దీన్ని తక్కువగా చూడకండి. ఈ పూట తోడుకున్న పెరుగులో బ్యాక్టీరియా నిండు యవ్వనంలో ఉంటుంది. గోదాములో, లారీలో, దుకాణంలో గడిపిన రోజులు దానికి లేవు. పాలను బాగా మరిగించే మన అలవాటు కూడా కలిసొస్తుంది. వేడికి వే ప్రొటీన్లు, అంటే పాల తేటలో ఉండే ప్రొటీన్లు, విచ్చుకుని వాటిలోని గంధకపు భాగాలు బయటపడతాయి, అవీ ఆక్సీకరణను అడ్డుకునేవే.

పెరుగు ఒక్కోసారి తీగలు సాగుతుంది. పాడైందని పారబోస్తాం. నిజానికి ఆ జిగురు కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేసే పొడవైన చక్కెర గొలుసు. వాటిలో కొన్నిటి యాంటీఆక్సిడెంట్ గుణం మీద పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. వాసన, రుచి మామూలుగానే ఉంటే తినవచ్చు. చెడు వాసన, రంగు మచ్చలు ఉంటే మాత్రం ఆలోచించకుండా పారబోయండి, ఆ తోడును మళ్లీ వాడకండి.

ఇంట్లో మనం చేసే పెద్ద తప్పు అన్నం దగ్గర జరుగుతుంది. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపితే బతికున్న బ్యాక్టీరియాలో చాలా భాగం కంచంలోనే పోతుంది. అన్నం చేత్తో హాయిగా కలపగలిగేంత చల్లారాక పెరుగు వేయండి. రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు తోడువేసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయతో పొద్దున తినే తోడన్నం ఈ లెక్కన చాలా తెలివైన వంటకం. బ్యాక్టీరియా అన్నంలోనే పెరుగుతుంది, ఉల్లిపాయలో క్వెర్సెటిన్ అనే మొక్కల యాంటీఆక్సిడెంట్ ఎలాగూ ఉంది.

## మజ్జిగ

పెరుగు చిలికి నీళ్లు కలిపితే బ్యాక్టీరియా చావదు, పలచబడుతుంది. గ్లాసుకు గ్లాసు చూస్తే పెరుగులో ఉన్నంత మేలు ఇందులో ఉండదు. కానీ ఎండాకాలం రోజుకు మూడు గ్లాసులు తాగేవారికి ఆ లోటు పూడిపోతుంది. అల్లం, కరివేపాకు, కొత్తిమీర దంచి వేస్తే వాటి గుణం అదనం. ఉప్పు దగ్గర మాత్రం రక్తపోటు ఉన్నవారు చెయ్యి బిగపట్టాలి. దుకాణంలో దొరికే మసాలా మజ్జిగ డబ్బాల్లో, ముఖ్యంగా ఫ్రిజ్ బయట నెలల తరబడి ఉండేవాటిలో, బతికిన బ్యాక్టీరియాను ఆశించకండి.

మజ్జిగ పులుసు కాగితే బ్యాక్టీరియా పోతుంది, పెప్టైడ్లు చాలావరకు మిగులుతాయి. చనిపోయిన సూక్ష్మజీవులతో తయారై మేలు చేసే పదార్థమే పోస్ట్‌బయోటిక్ అని 2021లో నిపుణులు నిర్వచనం కూడా ఇచ్చారు. ఆ పేరును మజ్జిగ పులుసుకు తగిలించి అమ్మేవాళ్లు రేపు రావచ్చు. ఆ నిర్వచనం ప్రకారం మేలు జరిగినట్టు పరీక్షలో తేలాలి. పులుసు మీద అలాంటి పరీక్ష ఎవరూ చేయక ముందే మనం దాన్ని ఇష్టంగా తింటున్నాం, అది వేరే సంగతి.

## ప్రోబయోటిక్ పెరుగు

డబ్బు ఎక్కువ పెట్టినందుకు ఫలితం దొరికే అవకాశం ఉన్నది ఇక్కడే. ఇరాన్‌లో రెండో రకం మధుమేహం ఉన్న 64 మందిని రెండు జట్లు చేసి, ఆరు వారాలు రోజుకు 300 గ్రాములు తినిపించారు. ఒక జట్టుకు మామూలు యోగర్ట్, ఇంకో జట్టుకు అసిడోఫిలస్ ఎల్‌ఏ-5, బిఫిడోబ్యాక్టీరియమ్ బిబి-12 కలిపిన యోగర్ట్. 2012లో వచ్చిన ఫలితాల్లో రెండో జట్టు వారి ఎర్ర రక్తకణాల్లో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే రెండు రక్షక ఎంజైముల పని పెరిగింది, పరగడుపు చక్కెర తగ్గింది. రెండు జట్లూ యోగర్ట్ తిన్నవే కాబట్టి ఆ తేడా పాల వల్ల వచ్చింది కాదు, కలిపిన స్ట్రెయిన్ల వల్ల వచ్చింది. ఈ ప్రయోగం మీద నాకు గౌరవం కలగడానికి కారణం అదే.

కానీ అది ఆరు వారాల్లో రక్తపరీక్షలో కనిపించిన మార్పు. గుండెపోట్లు తగ్గాయనో, కళ్లు బాగుపడ్డాయనో ఎవరూ చూపించలేదు. రోజుకు 300 గ్రాములు అంటే మన కప్పులు మూడు. కాబట్టి కొనేముందు కప్పు వెనక్కి తిప్పండి. స్ట్రెయిన్ అక్షరాలు, అంకెలతో సహా ఉందా, గడువు తేదీ దాకా ఎన్ని బతికి ఉంటాయో రాశారా, చక్కెర కలిపారా? ఈ మూడింటికీ జవాబు దొరకని కప్పుకు ఎక్కువ ధర పెట్టడం అనవసరం.

## గ్రీక్ యోగర్ట్, చిట్టి సీసాలు, కెఫీర్

గ్రీక్ యోగర్ట్ అంటే తేట తీసేసిన గట్టి పెరుగు. వంద గ్రాములకు ఎనిమిది నుంచి పది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మామూలు పెరుగులో మూడు నాలుగు గ్రాములే. వ్యాయామం చేసేవారికి, తిండి తగ్గిపోయిన పెద్దవారికి మంచిది. యాంటీఆక్సిడెంట్ దృష్టితో చూస్తే మాత్రం ఒక చిన్న నష్టం ఉంది. నీటిలో కరిగే పెప్టైడ్లలో కొంత భాగం, గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు ఇచ్చే వే ప్రొటీన్లలో కొంత భాగం తేటతో పాటు పోతాయి. ఇంట్లో గుడ్డలో కట్టి వేలాడదీసేవారు ఆ తేటను పారబోయకుండా చపాతీ పిండిలోనో మజ్జిగలోనో కలుపుకోవచ్చు.

యాకుల్ట్ సంగతి. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో వేరుచేసిన స్ట్రెయిన్, 1935 నుంచి అమ్మకంలో ఉంది. మన దేశంలో దొరికే 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. స్ట్రెయిన్ పేరు స్పష్టంగా ఉంది, పరిశోధన చాలా ఉంది, అందులో ఎక్కువ భాగం జీర్ణవ్యవస్థ మీద. అసలు రకంలో చక్కెర ఉంది కనుక మధుమేహం ఉన్నవారు తక్కువ చక్కెర రకం చూసుకోవాలి. పెరుగు స్థానంలో దీన్ని పెట్టకండి, ప్రొటీన్ దాదాపు లేదు.

కెఫీర్ కాకసస్ కొండల నుంచి వచ్చింది. పాలలో తోడుగా వేసే, కాలీఫ్లవర్ ముక్కల్లా ఉండే దాని గింజల్లో బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్ కూడా కలిసి బతుకుతుంది. సూక్ష్మజీవుల వైవిధ్యంలో ఈ వరుసలో దేనికీ ఇంత సంపద లేదు. పరీక్షనాళికలో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. మనుషుల మీద ఆధారాలు మాత్రం ఇంకా పలచనే. ఈస్ట్ వల్ల కొద్దిగా ఆల్కహాల్, కొంచెం బుడగలు వస్తాయి. మద్యం అస్సలు వద్దనుకునేవారు ఈ సంగతి తెలుసుకుని కొనండి. పులుపు, ఆ ఘాటు మన నాలుకకు అలవాటు కావడానికి వారం పడుతుంది. కొందరికి ఎప్పటికీ కాదు.

| | బతికిన బ్యాక్టీరియా | స్ట్రెయిన్ తెలుసా | పెప్టైడ్లు | జాగ్రత్త | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ఇంటి తోడు పెరుగు | తాజాగా ఉంటే చాలా ఎక్కువ | తెలియదు | ఉంటాయి | వేడి అన్నం, పాత తోడు | తక్కువ |
| మజ్జిగ | ఉంటుంది, పలచన | తెలియదు | పలచన | ఉప్పు | అన్నిటికన్నా తక్కువ |
| పాకెట్టు పెరుగు | తేదీని బట్టి | చాలావరకు రాయరు | ఉంటాయి | తయారీ తేదీ | మధ్యస్థం |
| ప్రోబయోటిక్ పెరుగు | ఎక్కువ | మంచి కప్పు మీద ఉంటుంది | ఉంటాయి | కలిపిన చక్కెర | ఎక్కువ |
| గ్రీక్ యోగర్ట్ | ఉంటుంది | రకాన్ని బట్టి | కొంత తేటలో పోతాయి | పండ్ల రుచుల్లో చక్కెర | ఎక్కువ |
| యాకుల్ట్ వంటి సీసా | ఎక్కువ | తెలుసు | తక్కువ | చక్కెర | ఎక్కువ |
| కెఫీర్ | చాలా ఎక్కువ, ఈస్ట్‌తో సహా | కలగలుపు | ఉంటాయి | స్వల్ప ఆల్కహాల్ | కొంటే ఎక్కువ, గింజలుంటే తక్కువ |

## ఎవరికి ఏది

ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో పెరుగు తోడుపెట్టే ఓపిక ఉన్నవారికి నా సలహా సూటిగా ఉంటుంది: ఇంటి పెరుగు, పక్కన ఒక పండు. ప్రోబయోటిక్ కప్పుకు పెట్టే అదనపు డబ్బును జామపండ్ల మీద పెట్టండి.

మధుమేహం ఉన్నవారికి ఎల్‌ఏ-5, బిబి-12 వంటి పరీక్షించిన స్ట్రెయిన్లున్న, చక్కెర కలపని పెరుగును రెండు నెలలు వాడి చూడమంటాను, మందులు మానకుండా. అది దొరకకపోయినా, కొనలేకపోయినా బెంగ వద్దు. యోగర్ట్ క్రమం తప్పకుండా తినడం మధుమేహం వచ్చే అవకాశాన్ని తగ్గించవచ్చన్న పరిమిత వాక్యానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024లో అనుమతి ఇచ్చింది. అది ఏ ప్రత్యేక స్ట్రెయిన్‌కూ కాదు, యోగర్టుకే.

పాలు పడనివారు, అంటే లాక్టోజ్ అరగనివారు, పెరుగును నిర్భయంగా ప్రయత్నించవచ్చు. బతికున్న యోగర్ట్ బ్యాక్టీరియా లాక్టోజ్ జీర్ణానికి సాయపడుతుందన్న మాటను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లోనే ఒప్పుకుంది. పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్నవారి సంగతి వేరు, వారికి ఈ వరుసలో ఏదీ పనికిరాదు.

యాంటీబయోటిక్ వాడుతున్నవారు మాత్రకూ పెరుగుకూ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచండి. బ్యాక్టీరియా బతకడానికే కాదు, సిప్రోఫ్లోక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులను పాలలోని కాల్షియం పట్టేసుకుంటుంది, మందు ఒంటికి సరిగా ఎక్కదు. కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులు ప్రోబయోటిక్ అన్న పేరున్న దేన్నయినా వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు పెరుగు పరిమాణాన్నే వైద్యుణ్ని అడిగి తేల్చుకోవాలి.

పిల్లలకు పండ్ల రుచుల యోగర్టు కొనిపెట్టే అమ్మానాన్నలకు: దద్దోజనంలో దానిమ్మ గింజలు వేసి ఇవ్వండి. రంగు ఉంటుంది, తీపి ఉంటుంది, డబ్బా చక్కెర ఉండదు.

ఇక అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండే మనవాళ్లు. అక్కడ కెఫీర్ సులువుగా దొరుకుతుంది, మామూలు యోగర్టు మీద కూడా బ్యాక్టీరియా పేర్లు రాసి ఉంటాయి. కనుక ఎంపిక కొంత తేలిక. ఇంటి రుచి కావాలంటే చక్కెర, జెలటిన్ కలపని సాదా యోగర్టు చెంచాడు తోడుగా వేసి, లైటు మాత్రం వెలిగించిన ఓవెన్‌లో పెట్టండి. మొదటి రెండు విడతలు యోగర్టు లాగే ఉంటుంది. అదీ దొరకని వేళ గోరువెచ్చని పాలలో ఎండుమిరపకాయ తొడిమలు నాలుగు వేసి ఉంచడం మన పాత పద్ధతి. మొదటిసారి తోడుకున్నది పలచగా, వాసన వేరుగా ఉంటుంది, దాన్ని తినకుండా తోడుగా మాత్రమే వాడండి. మూడో విడతకు గడ్డ కడుతుంది. కుదిరిన తోడును ఐసు గడ్డల ట్రేలో గడ్డకట్టించి ఒక మూల దాచుకుంటే, ఊరెళ్లి వచ్చాక పక్కింటి తలుపు తట్టే పని ఉండదు.